చెరకు కంపెనీ షేరు – విమాన ఇంధన ఒప్పందం: కుదరని ఒప్పందానికి విలువకట్టే పద్ధతి (బోధన్ చెరకు ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:

చెరకు నుంచి తయారయ్యే ఇథనాల్ విమాన ఇంధనానికి ముడిసరుకు కాగలదన్న అంచనాతో చిన్న చక్కెర కంపెనీల షేర్లపై మదుపరుల ఆసక్తి పెరుగుతున్నది. విమానయాన సంస్థతో కుదిరే అవకాశమున్న ఒక ఒప్పందాన్ని ఆధారం చేసుకొని ఒక చిన్న కంపెనీ షేరు విలువను ఎలా అంచనా వేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రభుత్వం ప్రకటించిన ధరలను యథాతథంగా స్వీకరించి, కంపెనీకి సంబంధించిన అంకెలను మాత్రం ఊహించి లెక్క కట్టడం జరిగింది. నిజామాబాద్ – బోధన్ ప్రాంతపు చెరకు చరిత్రను ఈ లెక్కకు హద్దుగా తీసుకోవడమైనది.

కీలకపదాలు: బోధన్, నిజాం షుగర్స్, ఇథనాల్, సుస్థిర విమాన ఇంధనం, షేరు విలువ, సంభావ్యత, తగ్గింపు రేటు.

1. ఉపోద్ఘాతం:

ఒక చిన్న కంపెనీకి పెద్ద కొనుగోలుదారు దొరకబోతున్నాడన్న మాట వినిపించగానే షేరు ధర కదులుతుంది. ఆ సమయంలో మదుపరులు వేసే లెక్క సాధారణంగా ఒకే గుణకారంతో ముగుస్తుంది: ఏటా ఇంత సరుకు, లీటరుకు ఇంత ధర, ఇన్ని సంవత్సరాలు. వచ్చిన మొత్తాన్ని కంపెనీ మార్కెట్ విలువతో పోల్చి షేరు చౌకగా ఉన్నదని నిర్ణయిస్తారు. ఈ లెక్కలో గుణకారం తప్పు కాదు, గుణించిన వస్తువు తప్పు. అమ్మకాల మొత్తం వాటాదారుని సొత్తు కాదు. ఖర్చులు, పన్ను, అప్పు, కాలం, అనిశ్చితి అనే మెట్లన్నీ దిగిన తర్వాత మిగిలినదే అతనిది.

వాణిజ్యశాస్త్ర తరగతుల్లో నికర వర్తమాన విలువను బోధించేటప్పుడు ఉదాహరణలు తరచుగా విదేశీ పాఠ్యగ్రంథాల నుంచే వస్తాయి. చెరకు, ఇథనాల్, విమాన ఇంధనం అనే గొలుసు ఈ పాఠాన్ని తెలుగు నేలమీదనే చెప్పడానికి వీలు కల్పిస్తున్నది.

2. బోధన్ నేపథ్యం:

మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతపు వ్యవసాయాన్ని మార్చివేసింది. దాని తొలి ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. కాలువ నీరు చెరకును తెచ్చింది. చెరకు 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చింది. కర్మాగారం చుట్టూ వెలసిన కాలనీ శక్కర్‌నగర్ అయింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా పేరుపొందిన ఈ సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. అప్పుడు ఏర్పడిన నిజాం దక్కన్ షుగర్స్ సంస్థలో 51 శాతం ప్రైవేటు భాగస్వామిది, 49 శాతం ప్రభుత్వానిది. బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి కర్మాగారాలు 2015 డిసెంబరులో మూతపడ్డాయి. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ సంస్థ లిక్విడేషన్‌కు ఆదేశించింది. పునరుద్ధరణ మార్గాలను పరిశీలించడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది.

హైదరాబాదు సంస్థానం చక్కెర పరిశ్రమలోనే గాక విమానయానంలోనూ పెట్టుబడి పెట్టింది. టాటా ఎయిర్‌లైన్స్‌తో కలిసి 1945లో అది నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. ఒకే ఖజానా పెట్టుబడి పెట్టిన ఆ రెండు వ్యాపారాలు అప్పట్లో ఒకదానికొకటి అమ్ముకునే సరుకేమీ లేదు. ఇప్పుడు ఇథనాల్ రూపంలో ఆ అవకాశం కనిపిస్తున్నది.

బోధన్ అనుభవంలో విలువ లెక్కకు ముఖ్యమైనది కర్మాగారం మూత కాదు, ఆ తర్వాత పొలాల్లో వచ్చిన మార్పు. కొనేవాడు లేని చెరకును రైతు వేయడు. వరి, పసుపు, మొక్కజొన్న, సోయా ఆ స్థానాన్ని ఆక్రమించాయి. యంత్రం సామర్థ్యం కాగితంపై ఎంత ఉన్నా, చుట్టుపక్కల ఎన్ని ఎకరాల్లో చెరకు నిలిచి ఉన్నదన్నదే అసలు సామర్థ్యం. ఈ అంశం మళ్లీ లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ పరిశీలించే కంపెనీ కేవలం ఊహాజనితం. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న ఏ సంస్థ అంకెలూ ఇందులో లేవు.

3. చెరకుకూ విమానానికీ మధ్య ఉన్న దూరం:

విమానయాన సంస్థ ఇథనాల్ కొనదు. ఇథనాల్ నుంచి నీటిని తొలగించి ఇథిలీన్‌గా మార్చి, ఆ అణువులను గొలుసులుగా కలిపి, హైడ్రోజన్‌తో శుద్ధిచేస్తేనే విమాన ఇంధనం అవుతుంది. ఈ పద్ధతిలో తయారైన ఇంధనాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ ఏ.ఎస్.టి.ఎం. 2018లో ఆమోదించింది. సాధారణ ఇంధనంలో 50 శాతం వరకు కలపవచ్చు. కనుక చక్కెర కంపెనీకి ‘విమానసంస్థ ఒప్పందం’ అంటే నిజానికి మధ్యలో ఉన్న శుద్ధి కర్మాగారంతో కుదిరే ఒప్పందమే. తెలంగాణలో చమురు శుద్ధి కర్మాగారం లేదు కాబట్టి రవాణా ఖర్చు లెక్కలో తప్పనిసరి.

రసాయన సమీకరణమే ఒక గరిష్ఠ పరిమితిని నిర్ణయిస్తుంది. 46 గ్రాముల ఇథనాల్ నుంచి 28 గ్రాముల ఇథిలీన్ మాత్రమే వస్తుంది, మిగిలినది నీరు. లీటరు ఇథనాల్ బరువు 0.789 కిలోలు. అందువల్ల ఏటా 60 లక్షల లీటర్ల ఇథనాల్ నుంచి వచ్చే ఇంధనం 2,900 టన్నులు దాటదు. అది సుమారు 36 లక్షల లీటర్లు. ఎయిర్‌బస్ ఎ320 విమానం ట్యాంకుల్లో దాదాపు 24,000 లీటర్లు పడతాయి. అంటే ఒక చిన్న డిస్టిలరీ ఏడాది ఉత్పత్తి 150 సార్లు ట్యాంకు నింపడానికి సరిపోతుంది. డీజిల్ వంటి ఉపోత్పత్తులకు పోయేది తీసివేస్తే ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. విమానసంస్థ దృష్టిలో ఇది చాలా చిన్న పరిమాణం. కొనుగోలుదారు ముందు చిన్న కంపెనీకి బేరమాడే శక్తి ఎంత ఉంటుందో ఈ ఒక్క సంఖ్యతోనే ఊహించవచ్చు.

గిరాకీ వైపు సంకేతాలు లేకపోలేదు. 2023 మే 19న పుణే – ఢిల్లీ మార్గంలో ఎయిర్‌ఏషియా ఇండియా నడిపిన విమానంలో ప్రాజ్ ఇండస్ట్రీస్ దేశీయ ముడిసరుకుతో తయారుచేసిన ఇంధనాన్ని కలిపి వాడారు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం సుస్థిర ఇంధనం కలపాలన్నది భారతదేశపు సూచక లక్ష్యం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూపొందించిన కార్బన్ పథకం ‘కోర్సియా’ 2027 నుంచి తప్పనిసరి దశలోకి ప్రవేశిస్తుంది. ఆ పథకం కింద గుర్తింపు పొందాలంటే ఇంధనపు జీవితచక్ర ఉద్గారాలు మెగాజౌలుకు 89 గ్రాముల ప్రామాణికం కంటే కనీసం 10 శాతం తక్కువగా ఉండాలి. పైగా 2008 జనవరి 1 తర్వాత అడవిని నరికి సాగులోకి తెచ్చిన భూమి నుంచి ముడిసరుకు రాకూడదు. నిజాంసాగర్ ఆయకట్టు వంటి పాత సాగుభూమికి ఈ రెండో నిబంధన అడ్డంకి కాదు. అయితే దానిని పొలం పొలానికీ రుజువు చేసే రికార్డుల ఖర్చు కంపెనీదే.

4. అమ్మకం నుంచి మిగులుకు:

ఊహా కంపెనీ ఏటా 4 లక్షల టన్నుల చెరకు ఆడుతుందనుకుందాం. బి-హెవీ మొలాసిస్ పద్ధతిలో టన్ను చెరకుకు సుమారు 20 లీటర్ల ఇథనాల్ వస్తుంది కాబట్టి దాని ఉత్పత్తి 80 లక్షల లీటర్లు. మొత్తం సరుకు చమురు కంపెనీలకే పోతున్నది. షేర్లు 2 కోట్లు, ధర రూ. 40, మార్కెట్ విలువ రూ. 80 కోట్లు. ఒక శుద్ధి సంస్థ మూడవ సంవత్సరం నుంచి 7 సంవత్సరాల పాటు ఏటా 60 లక్షల లీటర్లు, చమురు కంపెనీల ధరపై లీటరుకు రూ. 6 ఎక్కువ ఇచ్చి కొనవచ్చునన్నది ప్రతిపాదన.

బి-హెవీ ఇథనాల్‌కు ప్రభుత్వం నిర్ణయించిన ధర లీటరుకు రూ. 60.73. దానికి రూ. 6 కలిపితే ఏటా రూ. 40 కోట్లు, 7 సంవత్సరాలకు రూ. 280 కోట్లు. పత్రికల్లో శీర్షికకెక్కేది ఈ సంఖ్యే. కంపెనీ మార్కెట్ విలువకు ఇది మూడున్నర రెట్లు.

కానీ ఒప్పందం లేకపోయినా ఈ 60 లక్షల లీటర్లు రూ. 60.73కు అమ్ముడుపోతూనే ఉంటాయి. ఒప్పందం వల్ల కొత్తగా వచ్చేది రూ. 6 మాత్రమే. అందులో ధ్రువీకరణ, ప్రత్యేక నిల్వ, అదనపు రవాణాలకు రూ. 2 పోతే రూ. 4 మిగులుతుంది. ఏటా రూ. 2.4 కోట్లు. 25 శాతం పన్ను పోగా రూ. 1.8 కోట్లు. పాత నష్టాలున్న కంపెనీ కొంతకాలం పన్ను కట్టకపోవచ్చు, ఆ వెసులుబాటును విడిగా చూడాలి.

చిన్న కంపెనీ కనుక తగ్గింపు రేటు 15 శాతంగా తీసుకుంటే, 7 సంవత్సరాల పాటు ఏటా వచ్చే ఒక రూపాయికి ఆ కాలం మొదట్లో ఉండే విలువ రూ. 4.16. రూ. 1.8 కోట్లను దానితో గుణిస్తే రూ. 7.49 కోట్లు. సరఫరాకు ముందు గడిచే రెండు సంవత్సరాలకు తగ్గిస్తే రూ. 5.66 కోట్లు. ట్యాంకులు, రికార్డుల వ్యవస్థకు ఏడాది చివర పెట్టే రూ. 2 కోట్ల నేటి విలువ రూ. 1.74 కోట్లు. దానిని తీసివేయగా మిగిలేది రూ. 3.92 కోట్లు. షేరుకు రూ. 1.96. ఒప్పందం నూటికి నూరుపాళ్లు ఖాయమైన పక్షంలో వచ్చే విలువ ఇది.

చెల్లింపు గడువు కూడా ఈ లెక్కను కొరుకుతుంది. కొత్త కొనుగోలుదారు పాతవారికంటే 40 రోజులు ఆలస్యంగా చెల్లిస్తే రూ. 4.4 కోట్లు బాకీలో చిక్కుకుంటాయి. 11 శాతం వడ్డీపై ఏటా రూ. 48 లక్షలు పోతుంది. అంటే పన్నుకు ముందున్న రూ. 2.4 కోట్ల మిగులులో ఐదోవంతు. మరోవైపు చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం రైతుకు 14 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కలపాలి. విమాన ఇంధన గొలుసులో అందరికంటే ముందు డబ్బు అందవలసినది చెరకు రైతుకే కాబట్టి మధ్యకాలపు భారమంతా కంపెనీ ఖాతాపైనే పడుతుంది.

5. కొత్త సామర్థ్యం నిర్మిస్తే:

ఉన్న సరుకును మళ్లించకుండా, చెరకు రసం నుంచి నేరుగా ఇథనాల్ తీసే కొత్త విభాగాన్ని నిర్మించి 60 లక్షల లీటర్లు ఇస్తే ఫలితం మారుతుందా? టన్ను చెరకు రసం నుంచి సుమారు 70 లీటర్లు వస్తుంది. కావలసిన చెరకు దాదాపు 86,000 టన్నులు. ఎకరానికి 30 టన్నుల చొప్పున సుమారు 2,860 ఎకరాలు. వరికి అలవాటుపడిన ఆయకట్టులో అంత విస్తీర్ణాన్ని చెరకుకు మళ్లించడం ధర హామీ లేకుండా జరగదు.

2025–26 సీజనుకు కేంద్రం ప్రకటించిన న్యాయ, లాభదాయక ధర 10.25 శాతం రికవరీపై క్వింటాలుకు రూ. 355. టన్నుకు రూ. 3,550. దానిని 70తో భాగిస్తే లీటరు ఇథనాల్‌లో చెరకు ఖర్చే రూ. 50.71. రసం ఇథనాల్ ధర రూ. 65.61కి రూ. 6 కలిపితే రూ. 71.61. తయారీకి రూ. 9, రవాణా వగైరాలకు రూ. 2 అనుకుంటే లీటరుకు రూ. 9.90 మిగులుతుంది. మొదటి సందర్భంలోని రూ. 4 కంటే ఇది రెండింతలకు మించినది. ఏటా రూ. 5.94 కోట్లు.

కానీ కొత్త విభాగానికి రూ. 36 కోట్లు పెట్టుబడి పెట్టాలనుకుంటే కథ తిరగబడుతుంది. తరుగుదల మినహాయించి పన్ను కట్టాక మిగిలే నగదు ఏటా రూ. 5.74 కోట్లు. ఏడేళ్లకు దాని విలువ రూ. 23.9 కోట్లు. ఒప్పందం ముగిశాక ప్లాంటుకు రూ. 12 కోట్ల విలువ మిగులుతుందనుకొని దాని తగ్గింపు విలువ రూ. 4.5 కోట్లు కలిపినా మొత్తం రూ. 28.4 కోట్లు. పెట్టుబడిలో రూ. 7.6 కోట్లు తిరిగి రావు. అంటే ఈ షరతులపై ఒప్పందం కుదరడమే వాటాదారుకు నష్టం. అదనపు ధర రూ. 6 నుంచి సుమారు రూ. 10కి పెరిగితే గాని పెట్టుబడి కిట్టుబాటు కాదు. కొత్త షేర్లు జారీచేసి ఈ డబ్బు తెచ్చే పక్షంలో రూ. 40 చొప్పున 90 లక్షల షేర్లు పెరుగుతాయి. అప్పుడు విలువను 2 కోట్లతో గాక 2.9 కోట్లతో భాగించాలి.

ధర సూత్రం ఈ సందర్భంలో ప్రాణప్రదం. 2022–23లో క్వింటాలుకు రూ. 305 ఉన్న చెరకు ధర 2024–25 నాటికి రూ. 340 అయింది. టన్నుకు రూ. 350 పెరుగుదల, లీటరు ఇథనాల్‌కు సరిగ్గా రూ. 5. అదే కాలంలో రసం ఇథనాల్ ధర రూ. 65.61 దగ్గరే నిలిచిపోయింది. విమానసంస్థ ఇస్తానన్న రూ. 6 అదనపు ధరలో రూ. 5ను రెండే సీజన్ల చెరకు ధర మింగివేయగలదని ఈ అధికారిక ధరలే చూపుతున్నాయి. ఒప్పందంలో ధర చెరకు ధరతో పాటు కదులుతుందా, స్థిరంగా ఉంటుందా అన్న ఒక్క వాక్యం మిగతా లెక్కంతటికంటే బరువైనది.

ప్రభుత్వ విధానం మరొక అనిశ్చితి. 2023 డిసెంబరు 7న కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారీని ఆ సంవత్సరానికి నిలిపివేసింది. కొద్ది రోజుల్లోనే పరిమితంగా సడలించి, 2024 ఆగస్టులో తర్వాతి సంవత్సరానికి ఆంక్షను తొలగించింది. దేశంలో చక్కెర నిల్వలు తగ్గితే విమాన ఇంధనం కంటే చక్కెరకే ప్రాధాన్యం దక్కుతుందని ఏడేళ్ల ఒప్పందాన్ని లెక్కకట్టేవారు గుర్తుంచుకోవాలి.

6. సంభావ్యతను ఎక్కడ ఉంచాలి?

ఒప్పందం కుదరకపోవచ్చునన్న భయంతో తగ్గింపు రేటును 15 నుంచి 30 శాతానికి పెంచడం కొందరు విశ్లేషకుల అలవాటు. ఇది సరైన పద్ధతి కాదు. తగ్గింపు రేటు కాలానికీ, కుదిరిన తర్వాత ఆదాయంలో వచ్చే ఒడిదొడుకులకూ సంబంధించినది. కుదురుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి సంభావ్యతే తగిన చోటు. రెండింటిలోనూ ఒకే ప్రమాదాన్ని లెక్కిస్తే విలువ రెండుసార్లు కోతకు గురవుతుంది.

ఈ ఒప్పందం ఫలించాలంటే మూడు జరగాలి: శుద్ధి కర్మాగారం పూర్తికావాలి, విమానసంస్థ దానితో కచ్చితమైన కొనుగోలు ఒప్పందం చేసుకోవాలి, ఆ కర్మాగారం ఈ కంపెనీనే సరఫరాదారుగా ఎంచుకోవాలి. వీటికి వరుసగా 0.6, 0.6, 0.7 సంభావ్యతలు ఇస్తే లబ్ధం సుమారు 0.25. ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. విమానసంస్థ సంతకం చేస్తే కర్మాగారానికి బ్యాంకు రుణం సులభమవుతుంది. కాబట్టి రెండవ సంఖ్య మొదటిది జరిగిందనుకొని, మూడవది మొదటి రెండూ జరిగాయనుకొని ఇచ్చినదై ఉండాలి. కాలం విషయంలోనూ ఉదారంగా ఉండటం ప్రమాదం. ఇథనాల్ నుంచి విమాన ఇంధనం తీసే లాంజాజెట్ సంస్థ ప్లాంటుకు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2024 జనవరిలో ప్రారంభోత్సవం జరిగినా, ఉత్పత్తి మొదలవడానికి మరో ఏడాదికి పైగా పట్టింది.

షేరుకు రూ. 1.96ను 0.25తో గుణిస్తే 49 పైసలు. రూ. 280 కోట్ల శీర్షిక నుంచి దిగివచ్చిన లెక్క ఆగేది ఇక్కడ. ధ్రువీకరణ వంటి ఖర్చులను సంతకానికి ముందే పెట్టవలసివస్తే, ఒప్పందం కుదిరినా కుదరకపోయినా అవి పోయినట్టే కాబట్టి వాటిని 0.25తో గుణించకుండా పూర్తిగా తీసివేయాలి. అప్పుడు 49 పైసలు కూడా మిగలకపోవచ్చు.

7. ధర నుంచి వెనక్కి:

ఇదే లెక్కను తిరగేస్తే మార్కెట్ మనసులో ఏమున్నదో తెలుసుకోవచ్చు. వార్త వల్ల షేరు ఒక రూపాయి పెరిగితే కంపెనీ విలువ రూ. 2 కోట్లు పెరిగినట్టు. దానిని 3.92తో భాగిస్తే మార్కెట్ 51 శాతం సంభావ్యతను ఊహించినట్టు. షేరు రూ. 40 నుంచి 55కు ఎగబాకితే విలువ రూ. 30 కోట్లు పెరుగుతుంది. ఒప్పందం పూర్తిగా ఖాయమైనా దక్కే విలువకు ఇది ఏడు రెట్లకు పైనే. ఏ సంభావ్యతా దీనిని సమర్థించలేదు.

మొదటి ఒప్పందం తర్వాత మరిన్ని వస్తాయన్న వాదన ఉన్నది. అది కొట్టివేయదగినది కాదు, కానీ దానినీ చెరకుతో కొలవాలి. 25 శాతం సంభావ్యతతో రూ. 30 కోట్ల పెరుగుదల న్యాయమైనది కావాలంటే ఫలించినప్పటి విలువ రూ. 120 కోట్లు ఉండాలి. అది ఇప్పటి ప్రతిపాదనకు సుమారు 30 రెట్లు. ఏటా 18 కోట్ల లీటర్లకు పైగా ఇథనాల్, బి-హెవీ పద్ధతిలో సుమారు 92 లక్షల టన్నుల చెరకు, దాదాపు 3 లక్షల ఎకరాలు. నిజాంసాగర్ తొలి ఆయకట్టు మొత్తం చెరకుగా మారినా చాలదు.

ఇంత తేడాతో ధర ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు చిన్న కంపెనీల షేర్ల లావాదేవీల్లో ఉన్నది. ప్రమోటర్ల వాటా పోగా రోజూ చేతులు మారే షేర్లు కొద్దివే కాబట్టి కొద్దిమంది కొనుగోలుదారులే ధరను కదిలించగలరు. వదంతులను 24 గంటల్లో ధ్రువీకరించాలి లేదా ఖండించాలి అన్న సెబీ నిబంధన 2024 జూన్ 1 నుంచి మొదటి 100 కంపెనీలకు, డిసెంబరు 1 నుంచి మొదటి 250 కంపెనీలకు వర్తిస్తున్నది. ఆ జాబితాకు చాలా దూరంలో ఉండే చిన్న చక్కెర కంపెనీ విషయంలో మదుపరికి ఆ రక్షణ లేదు.

8. అప్పు, చెరకు:

పై లెక్కలో వచ్చిన రూ. 3.92 కోట్లూ వాటాదారుకే దక్కుతాయన్నది కంపెనీ ఆస్తుల విలువ అప్పుకంటే ఎక్కువగా ఉన్నప్పుడే నిజం. ఆస్తుల విలువ రూ. 110 కోట్లు, అప్పు రూ. 120 కోట్లు అయిన కంపెనీకి ఇదే ఒప్పందం వస్తే, పెరిగిన విలువ బ్యాంకుల లోటును కొంత పూడ్చుతుంది, అంతే. అప్పటి షేరు ధర భవిష్యత్తుపై వేసిన పందెం వంటిది. చక్కెర పరిశ్రమలో బ్యాంకు రుణాలతో పాటు రైతు బకాయిలు కూడా ఉంటాయి. వార్షిక నివేదికలో వాటిని ఏ పద్దు కింద చూపారో వెతికి అప్పులో కలపకపోతే లెక్క తప్పుతుంది.

ఒప్పందపత్రం బయటికి వచ్చినప్పుడు దానిలో మొదట చూడవలసినది మొత్తం విలువ కాదు. సరుకు తీసుకోకపోయినా డబ్బు చెల్లించే బాధ్యత కొనుగోలుదారుపై ఉన్నదా అన్నది చూడాలి. అది లేని అవగాహన పత్రానికి 0.25 సంభావ్యత కూడా ఎక్కువే. రెండవది, సరఫరా తప్పితే కంపెనీ కట్టవలసిన జరిమానా. వానలు తగ్గి నిజాంసాగర్‌లో నీరు లేని ఏడాది, 60 లక్షల లీటర్లకు కావలసిన మొలాసిస్ కోసం కంపెనీ ఇతర జిల్లాల కర్మాగారాల దగ్గర అడిగిన ధరకు కొనవలసి వస్తుంది. బయట కొన్న మొలాసిస్ ఏ పొలం నుంచి వచ్చిందో రికార్డు లేకపోతే విమాన ఇంధనంగా దానికి గుర్తింపు రాదు, రూ. 6 అదనపు ధరా దక్కదు. ఇక మూతపడిన కర్మాగారాన్ని తెరిచి సరఫరా చేస్తామనే ప్రతిపాదన అయితే లెక్క యంత్రాల మరమ్మతుతో గాక విత్తన చెరకుతో మొదలుకావాలి. నాటిన చెరకు కోతకు రావడానికి 10 నుంచి 12 నెలలు పడుతుంది. ఆ ఏడాది నగదు ప్రవాహం సున్నా అని రాసుకొనే మిగతా సంవత్సరాలకు తగ్గింపు రేటు వర్తింపజేయాలి.